స్విచ్చిలోని మిథ్యాజాలములు – వాని తనిఖీ చరిత్ర

ఒక కళాశాల భవనమును ఊహించుకొందము. క్రింది అంతస్తులో కార్యాలయము, దాని ప్రక్కన గ్రంథాలయము, పై అంతస్తులో విద్యార్థుల కంప్యూటరు ప్రయోగశాల ఉన్నవి. ఈ మూడు చోట్ల నుండి వచ్చిన తీగలన్నియు మెట్ల క్రింద గోడకు బిగించిన ఒక పెట్టెలోనికి పోవుచున్నవి. ఆ పెట్టె పేరు స్విచ్చి. దాని ముందు భాగమున 24 గాని 48 గాని రంధ్రములుండును. వానిని పోర్టులందురు. చూచుటకు పోర్టులన్నియు ఒకే విధముగా ఉన్నవి, తీగలును అంతే. అయినను 5వ పోర్టులోని తీగపై కార్యాలయపు జీతముల లెక్కలు నడచును. 6వ పోర్టులోని తీగపై విద్యార్థి పాఠము మాత్రమే నడచును. ఒకదాని ప్రక్క నొకటి ఉన్న ఆ రెండు రంధ్రముల మధ్య కంటికి కనబడని గోడ ఒకటి ఉన్నది.

కాంతిశాస్త్రములో అద్దము వెనుక కనిపించు ప్రతిబింబమును మిథ్యా ప్రతిబింబమని ఉపాధ్యాయులు బోధించుదురు. అక్కడ కిరణములు నిజముగా కలియవు, కలిసినట్లు తోచును. ఇక్కడ కూడ కార్యాలయమునకు వేరు స్విచ్చి, ప్రయోగశాలకు వేరు స్విచ్చి లేవు. ఉన్నట్లే పని జరుగుచున్నది. అందువలన ఇట్టి ఏర్పాటును మిథ్యా స్థానిక జాలము అనవచ్చును. ఆంగ్ల నామములోని అక్షరములను కుదించి ఈ వృత్తిలోనివారు దీనిని వీలాన్ అందురు.

కనబడు గోడను చేతితో తట్టి చూడవచ్చును. కనబడని గోడ ఉన్నదని తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కనాటిలో దొరకలేదు. గోడను నిర్మించిన చరిత్ర ఎంత ఉన్నదో, దానిని పరీక్షించుట నేర్చుకొన్న చరిత్రయు అంత ఉన్నది.

అందరికి ఒకే తీగ

1971లో హవాయి విశ్వవిద్యాలయములో నార్మన్ అబ్రామ్సన్, ఆయన సహచరులు దీవుల మధ్య రేడియో తరంగముల ద్వారా కంప్యూటర్లను కలిపినారు. ఆ జాలము పేరు అలోహా. ఒకే తరంగమును అందరును వాడుకొందురు. ఇద్దరు ఒకేసారి మాట్లాడినచో సందేశములు చెడిపోవును. అప్పుడు కొంతసేపు ఆగి మరల పంపుదురు. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేయుచున్న రాబర్ట్ మెట్కాఫ్ ఈ భావమును రేడియో నుండి తీగకు మార్చవచ్చునని తలచి, 1973 మే 22న ఒక వివరణ పత్రము వ్రాసినారు. అందులోనే ఈథర్నెట్ అను పేరు పుట్టినది.

ఆ పేరు భౌతికశాస్త్ర విద్యార్థులకు క్రొత్త కాదు. 19వ శతాబ్దిలో కాంతి ప్రయాణించుటకు విశ్వమంతట ఈథరు అను పదార్థము వ్యాపించి ఉన్నదని నమ్మినారు. 1887లో మైకెల్సన్, మోర్లేల ప్రయోగములో దాని జాడ దొరకలేదు. శాస్త్రము విడిచిపెట్టిన ఆ పేరును మెట్కాఫ్ తన తీగకు పెట్టినారు. సందేశము ఆ తీగలో అంతట వ్యాపించును; అందరును విందురు; ఎవరికి ఉద్దేశింపబడినదో వారు మాత్రమే గ్రహింతురు. 1976లో మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ కలిసి దీనిని గూర్చి వ్యాసము ప్రకటించినారు. మొదటి ప్రయోగములో వేగము సెకనుకు 29 లక్షల 40 వేల బిట్లు. 1980లో మూడు కంపెనీలు కలిసి ప్రకటించిన రూపములో అది 1 కోటి బిట్లయినది. 1983లో ప్రామాణికముగా అంగీకరింపబడినది.

ఈ తొలి కాలములో ఎవరు ఎవరితో కలిసి ఉన్నారను ప్రశ్నకు జవాబు సులభము. వ్రేలంత లావుగల తీగ ఒకటి గోడ వెంబడి పోవుచుండును. ఒక ముక్క 500 మీటర్లకు మించరాదు. ఆ తీగకు తగిలించిన కంప్యూటర్లన్నియు ఒకే జాలము. అనుమానము వచ్చినచో తీగను పట్టుకొని నడచిపోవుటయే తనిఖీ. రాగితీగయే సాక్షి.

వంతెనలు, దండోరా

కంప్యూటర్లు పెరుగుట తోడనే ఒక తీగ చాలలేదు. రెండు తీగలను కలుపుటకు వంతెన అను సాధనము వచ్చినది. ప్రతి సందేశము ఫ్రేము అను ఒక కట్టగా ప్రయాణించును. దాని మొదట చేరవలసిన చిరునామా, పంపినవాని చిరునామా ఉండును. ఒక్కొక్కటి 48 బిట్లు. వంతెన ప్రతి ఫ్రేములోను పంపినవాని చిరునామాను చూచి, ఇతడు నాకు ఈ ప్రక్కన ఉన్నాడని ఒక పట్టికలో వ్రాసికొనును. తరువాత అతనికి వచ్చిన ఫ్రేమును ఆ ప్రక్కకే పంపును.

వంతెనలు వలయముగా కలిసినచో ఫ్రేములు అంతులేక తిరుగును. 1985లో రాడియా పెర్ల్‌మన్ అను గణితజ్ఞురాలు వలయములను తెంచి జాలమును చెట్టు ఆకారమునకు తెచ్చు పద్ధతిని రూపొందించినారు. కొన్ని మార్గములు నిద్రించును. ఒక మార్గము తెగిపోయినచో నిద్రించు మార్గము మేల్కొనును.

వంతెనకు అనేక పోర్టులుండి, అన్నింటిలోను ఒకేసారి ఫ్రేములు నడచినచో దానిని స్విచ్చి అందురు. 1990లో కాలిఫోర్నియాలోని ఒక చిన్న కంపెనీ ఏడు పోర్టులుగల ఈథర్నెట్ స్విచ్చిని విడుదల చేసినది. ఆ కంపెనీ పేరు కల్పన. భారతీయుడైన వినోద్ భరద్వాజ్ దాని స్థాపకులలో ఒకరు. ఆయన భార్య పేరు కంపెనీకి పెట్టబడినది. 1994లో దానిని సిస్కో కంపెనీ కొనినది.

అయితే స్విచ్చి తీర్చలేని చిక్కు ఒకటి మిగిలినది. కొన్ని సందేశములు ఒక్కరికి గాక అందరికి పోవలసి ఉండును. ఈ చిరునామా ఎవరిదని ఒక కంప్యూటరు అడుగవలసి వచ్చినప్పుడు అది దండోరా వేయును. ఊరు చిన్నదైనప్పుడు దండోరా అవసరమే. ఊరు నగరమైనను ప్రతి ఇంటి దండోరా ప్రతి ఇంటికి వినబడుచున్నచో ఎవరి పనియు సాగదు. అంతేగాక, వినరానివారు కూడ విందురు.

ఈ ప్రమాదము ఊహామాత్రము కాదు. 2002 నవంబరులో అమెరికాలోని బోస్టన్ నగరమున బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యశాలలో కంప్యూటరు జాలము సుమారు నాలుగు రోజులు స్తంభించినది. సంవత్సరముల తరబడి ముక్కముక్కగా వంతెన పద్ధతిలోనే పెరిగిన ఆ జాలము, చెట్టు ఆకారపు పద్ధతి సహింపగల హద్దును దాటియున్నది. అట్టి స్థితిలో ఒక పెద్ద సమాచారపు వెల్లువ దానిని పడగొట్టినది. వైద్యులు మరల కాగితముపై మందులు వ్రాసినారు. రక్తపరీక్షల ఫలితములను మనుష్యులు చేతపట్టుకొని పరుగెత్తినారు. వైద్యశాల అధికారులు ఈ ఉదంతమును దాచక ఇతరులకు పాఠముగా చెప్పినారు. జాలమును విభజించుట సౌకర్యము కొరకు మాత్రమే కాదని దానివలన అనేకులు గ్రహించినారు.

రంగు పూసిన ఉత్తరములు

విభజనకు మూలమైన భావము అంతకు ముందే పుట్టినది. డబ్ల్యూ. డేవిడ్ సింకోస్కీ అను ఇంజనీరు 1981 నుండి 1984 వరకు ఈథర్నెట్‌పై మానవ కంఠస్వరమును పంపు ప్రయోగములు చేసినారు. తరువాత బెల్‌కోర్ పరిశోధనశాలలో చేరి, ఈథర్నెట్‌ను పెద్ద ఎత్తున విస్తరింపజేయుట ఎట్లని ఆలోచించినారు. చెట్టు ఆకారపు పద్ధతిలో ఒక లోపము ఆయనకు కనబడినది. మార్గములు కొన్ని నిద్రించుచుండగా, చెట్టు మొదలు వద్ద ఉన్న స్విచ్చిపై భారమంతయు పడుచున్నది.

ఒకే చెట్టు ఎందుకు? అనేక చెట్లు ఉండవచ్చును గదా! ప్రతి చెట్టుకు ఒక రంగు ఉన్నదనుకొని, ప్రతి ఫ్రేముకు దాని చెట్టు గుర్తును తగిలించినచో, ఎర్ర ఫ్రేములు ఒక మార్గమున, నీలి ఫ్రేములు వేరొక మార్గమున పోవును. 1988లో సింకోస్కీ, ఛేస్ కాటన్ ఈ భావమును ప్రకటించినారు. వారి లక్ష్యము భారమును పంచుట. అయితే ఫ్రేముపై గుర్తు వేయుటను ఒప్పుకొన్న పిమ్మట, ఎర్ర ఫ్రేములను ఎర్ర పోర్టులకు మాత్రమే ఇచ్చుట ఒక్క అడుగు దూరములోనే ఉన్నది. అప్పుడు ఎర్రవారి దండోరా నీలివారికి వినబడదు. భారమును పంచుటకు పుట్టిన గుర్తు గోడ కట్టుటకు పనికివచ్చినది.

1990 తరువాత కంపెనీలు తమ తమ పద్ధతులలో ఈ గుర్తును వేయ మొదలిడినవి. సిస్కో పద్ధతిలో ఫ్రేము మొత్తమును 30 బైట్ల క్రొత్త కవరులో పెట్టుచుండిరి. ఒకరి కవరు మరొకరికి అర్థము కాదు. 1998లో విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంజనీర్ల సంస్థ 802.1క్యూ అను ప్రమాణమును ప్రకటించి అందరికి ఒకే ముద్రను నిర్ణయించినది.

ఆ ముద్ర నాలుగు బైట్లు, అనగా 32 బిట్లు. మొదటి 16 బిట్లు ఇది ముద్రవేసిన ఫ్రేము అని తెలుపును. తరువాత మూడు బిట్లు ప్రాధాన్యమును, ఒక బిట్టు వేరొక సూచనను తెలుపును. మిగిలిన 12 బిట్లు వీలాన్ సంఖ్య. 12 బిట్లతో 4096 సంఖ్యలు వచ్చును. వానిలో 0, 4095 ప్రత్యేకించబడినవి. 4094 వాడుకకు మిగిలినవి. ముద్రకు చోటు ఇచ్చుటకై ఫ్రేము గరిష్ఠ పొడవును 1518 బైట్ల నుండి 1522కు పెంచినారు.

ముద్ర ఎక్కడ వేయబడును, ఎక్కడ తీయబడును అనునది ముఖ్యము. కంప్యూటరు తగిలించిన పోర్టులోనికి ఫ్రేము ముద్ర లేకుండ వచ్చును. ఆ పోర్టుకు స్విచ్చి పట్టికలో ఏ సంఖ్య వ్రాసియున్నదో ఆ వీలాన్‌కు చెందినదిగా స్విచ్చి దానిని భావించును. రెండు స్విచ్చిల మధ్య ఉన్న తీగపై అన్ని వీలాన్ల ఫ్రేములును కలిసి పోవును గనుక అక్కడ ముద్ర అవసరము. అట్టి మార్గమును, పూర్వపు ట్రంకు కాల్ అను మాటలో వలె, ట్రంకు అందురు. చివరి పోర్టు నుండి వెలువడునప్పుడు స్విచ్చి ముద్రను తీసివేయును. అందువలన కంప్యూటరుకు ముద్ర ఎన్నడును కనబడదు. తాను ఏ వీలాన్‌లో ఉన్నదో దానికే తెలియదు!

ఇక్కడనే పాత సాక్షి మూగబోయినది. తీగను పట్టుకొని నడచినచో స్విచ్చి వరకు పోగలము. అక్కడి నుండి గోడ ఒక సంఖ్యగా మారిపోయినది. ఆ సంఖ్యను మార్చుటకు తీగను కదల్చ నక్కరలేదు. ఒక ఆజ్ఞ చాలును. ఒక అంకె పొరపాటు పడినను తీగ ఏమియు చెప్పదు.

1999 హెచ్చరిక

ప్రమాణము వెలువడిన మరుసటి సంవత్సరమే, 1999లో, కొందరు పరిశోధకులు ఈ గోడను పరీక్షించినారు. పంపువాడే తన ఫ్రేముపై ముందుగా ముద్ర వేసి పంపినచో ఏమగునని వారి ప్రశ్న.

ట్రంకుపై ఒక వీలాన్ ఫ్రేములు ముద్ర లేకుండ పోవుటకు ప్రమాణము అవకాశమిచ్చినది. దానిని ఆ ట్రంకు యొక్క సహజ వీలాన్ అందురు. సామాన్యముగా అది 1వ సంఖ్య. క్రొత్త స్విచ్చిలో పోర్టులన్నియు మొదట 1వ సంఖ్యలోనే ఉండును. ఇప్పుడు 1వ వీలాన్‌లో ఉన్న ఒకడు 2వ సంఖ్య ముద్రవేసిన ఫ్రేమును పంపినాడనుకొందము. మొదటి స్విచ్చి దానిని తన సహజ వీలాన్ ఫ్రేముగా తలచి, క్రొత్త ముద్ర వేయకుండ ట్రంకుపైకి వదలెను. రెండవ స్విచ్చి ఆ దొంగ ముద్రను చూచి, అది మొదటి స్విచ్చి వేసినదే యని నమ్మి, 2వ వీలాన్‌లోనికి ఫ్రేమును పంపెను. గోడ చెక్కుచెదరలేదు, కాని ఉత్తరము దాటిపోయినది. జవాబు అదే దారిన తిరిగి రాదు. అయినను హాని చేయుటకు కొన్ని సందర్భములలో ఒక వైపు దారి చాలును.

నివారణ కష్టము కాదు. మనుష్యులు వాడు పోర్టులకు ట్రంకు సహజ సంఖ్యను ఇవ్వరాదు. అయితే ఇవ్వలేదని తెలియుట ఎట్లు? ప్రతి పోర్టును తనిఖీ చేయవలెను. ఆనాటి నుండి పోర్టు సంఖ్యల తనిఖీ ఇంజనీరు దినచర్యలో భాగమైనది.

స్విచ్చిని ప్రశ్నించుట

మొదటి పద్ధతి స్విచ్చితోనే మాట్లాడుట. వీలాన్ల జాబితా చూపుమని ఆజ్ఞ ఇచ్చినచో అది సంఖ్య, పేరు, ఆ సంఖ్యకు చెందిన పోర్టులు గల పట్టికను చూపును. దీనిని చదువుటలో ఒక చిక్కు ఉన్నది. సిస్కో స్విచ్చిలలో ఈ పట్టికలో ట్రంకు పోర్టులు కనబడవు. క్రొత్తవాడు 24వ పోర్టు కనబడలేదే యని భయపడును. అది లోపించలేదు, అన్ని వీలాన్లను మోయుచున్నది గనుక వేరు పట్టికలో ఉన్నది. కంప్యూటరు ఉండవలసిన పోర్టు ఇట్లు జాబితా నుండి మాయమైనచో అది తెలియకయే ట్రంకుగా మారినదని అనుమానింపవలెను.

వందల స్విచ్చిలున్నచోట ఒక్కొక్కదానితో మాట్లాడుట సాధ్యము కాదు. 1999లోనే ఇంటర్నెట్ ప్రమాణముల వరుసలో 2674వ పత్రము వెలువడినది. 2006లో 4363వ పత్రము దాని స్థానమును ఆక్రమించినది. స్విచ్చి తన వీలాన్ పట్టికలను దూరమున ఉన్న యంత్రమునకు ఏ రూపమున చెప్పవలెనో ఇందులో నిర్ణయించినారు. పోర్టుల జాబితాను చెప్పు పద్ధతి విద్యార్థులు లెక్కగా చేయదగినది. ఒక్కొక్క పోర్టుకు ఒక్కొక్క బిట్టు. ఆ పోర్టు వీలాన్‌లో ఉన్నచో 1, లేనిచో 0. ఎడమ చివరి బిట్టు మొదటి పోర్టు. కావున 10100000 అను బైటు 1, 3 పోర్టులు ఉన్నవని చెప్పును. 24 పోర్టులకు మూడు బైట్లు చాలును. అయితే ఇక్కడి పోర్టు సంఖ్య పెట్టెపై ముద్రించిన సంఖ్యయే కానక్కరలేదు. రెండింటిని సరిపోల్చు వేరొక పట్టికను కూడ చూడవలెను. అది చూడనివాడు సరియైన జవాబును తప్పు పోర్టుకు అంటగట్టును.

ఈ పత్రములలో ఇంకొక విశేషమున్నది. ప్రతి వీలాన్‌కు రెండు పట్టికలు ఏర్పరచినారు. ఒకటి నిర్వాహకుడు స్థిరముగా వ్రాసిన ఆజ్ఞలది. రెండవది ఈ క్షణమున నిజముగా అమలులో ఉన్న స్థితిది. ఆజ్ఞ వేరు, స్థితి వేరు కావచ్చునని ప్రమాణము వ్రాసినవారు ముందే గుర్తించినారు.

ఆ భేదము తరువాత మరింత పెరిగినది. 2001లో వచ్చిన 802.1ఎక్స్ ప్రమాణము పోర్టునకు ద్వారపాలకుని ఏర్పరచినది. వచ్చినవారు ఎవరో తేలిన పిమ్మటనే పోర్టు తెరచును. వచ్చినవారిని బట్టి వీలాన్ సంఖ్యను అప్పటికప్పుడు ఇచ్చు విధానము 2003లో పత్రబద్ధమైనది. ఉదయము అధ్యాపకుడు కూర్చున్నప్పుడు 10వ సంఖ్యలో ఉన్న పోర్టు, మధ్యాహ్నము విద్యార్థి కూర్చున్నప్పుడు 20వ సంఖ్యలో ఉండవచ్చును. ఇట్టిచోట నిన్నటి కాగితము నేటికి పనికిరాదు.

2005లో 802.1ఏబీ అను ప్రమాణము మరొక దారి చూపినది. దీని ప్రకారము స్విచ్చి ప్రతి పోర్టు నుండి తనను గూర్చిన చిన్న ప్రకటనను కొంత కాలమున కొకసారి పంపును. అందులో ఆ పోర్టు వీలాన్ సంఖ్యను కూడ చేర్చవచ్చును. గోడలోని తీగ చివరకు ఒక చిన్న పరికరమును తగిలించి దానిని చదువవచ్చును. మూగబోయిన తీగ చేత మరల కొంత మాట్లాడించినారు.

మూడు సాక్ష్యములు

ఇన్ని సాధనములున్నను ఏ ఒక్కటియు పూర్తి సాక్ష్యము కాదు. ఏ పోర్టు ఏ వీలాన్‌లో ఉండవలెనో వ్రాసిన రిజిస్టరు మొదటి సాక్ష్యము. అది ఉద్దేశమును చెప్పును. స్విచ్చి పట్టిక రెండవది. అది స్థితిని చెప్పును. ఆ పోర్టుకు ఒక కంప్యూటరును తగిలించి చేసిన ప్రయోగము మూడవది. అది నడవడిని చెప్పును. మూడును ఏకీభవించినప్పుడే తనిఖీ ముగిసినట్లు.

మూడవదానిలో తొందరపాటు సాధారణము. గ్రంథాలయపు పోర్టు నుండి గ్రంథాలయపు యంత్రము అందినది గనుక అంతయు సరిగా ఉన్నదని చెప్పి వెళ్ళిపోవుదురు. అది సగము పరీక్ష మాత్రమే. గోడ పని చేరనిచ్చుట కాదు, ఆపుట. కాబట్టి కార్యాలయపు యంత్రమును చేరుటకు ప్రయత్నించి, చేరలేకపోవుటను కూడ కన్నులార చూడవలెను. ధనవ్యవహారముల కార్డులను రక్షించుటకు ఏర్పడిన అంతర్జాతీయ నియమావళి 2013లో తన మూడవ రూపమున ఈ మాటనే నియమము చేసినది. కార్డుల జాలమును విభజనచే వేరు చేసితిమని చెప్పుకొన్నవారు, చొరబడుటకు ప్రయత్నించు పరీక్ష ద్వారా ఆ విభజన పనిచేయుచున్నదని సంవత్సరమున కొకసారియైనను నిరూపింపవలెను. విభజించితిమను మాట చాలదు.

మిథ్యాజాలముల సంఖ్య ఆ 4094తో ఆగలేదు. 2014లో వెలువడిన వీఎక్స్‌లాన్ పద్ధతిలో సంఖ్యకు 24 బిట్లు ఇచ్చినారు. అనగా 1,67,77,216 విలువలు. ఇంత పెద్ద జాలములలో రిజిస్టరును పట్టికతో సరిపోల్చు పనిని యంత్రములకే అప్పగించుచున్నారు. అయినను చేయు పని మారలేదు. ఏమి ఉండవలెనో వ్రాయుట, ఏమి ఉన్నదో అడుగుట, ఏమి జరుగుచున్నదో చూచుట – ఈ మూడే.

ఈథరు కథలోని నీతియు ఇదియే. అది ఉన్నదని రెండు తరముల శాస్త్రజ్ఞులు నమ్మినారు. ఉన్నదా యని 1887లో కొలిచి చూచినప్పుడు దాని జాడ దొరకలేదు. ఈథరు పేరు పెట్టుకొన్న తీగలలో కనబడని గోడలు కట్టినవారు కూడ అదే పాఠమును మరల నేర్చుకొనవలసి వచ్చినది. పాఠశాలలో స్విచ్చి ఉన్న ఉపాధ్యాయుడు ఒక రిజిస్టరు తెరచి, ఏ పోర్టు ఏ గదికి పోవునో, ఏ వీలాన్‌లో ఉండవలెనో విద్యార్థుల చేత వ్రాయించి, నిర్వాహకుని అనుమతితో పట్టికను తెప్పించి సరిపోల్చ వచ్చును. ఒక్క వరుసయైనను కలియకపోయినచో, ఆ రెండింటిలో ఏది తప్పో కనుగొనుట ఆనాటి పాఠమగును.